అయిదు సున్నాలు

ఫిజిక్స్ టీచర్ గారికి,

నమస్కారమండీ. సైన్స్ ఫెయిర్‌కి నా పేరు తీసేసి సనోబర్ పేరు రాయమని అడగడానికే ఈ ఉత్తరం.

నిన్న ఐసు కరిగించే ప్రయోగంలో మేమిద్దరం ఒకే బీకరు దగ్గర ఉన్నాం. కింద దీపం మండుతున్నా థర్మామీటరు సున్నా దాటలేదు. అది పాడైందనుకుని, నేను ఒకటి, రెండు, మూడు అని పెంచుకుంటూ అయిదు రీడింగులు వేశాను. సనోబర్ అయిదూ సున్నాలే వేసింది. వన్ టౌన్‌లో వాళ్ల నాన్న తగరం కరిగించి గిన్నెలకు కళాయి వేస్తారు.

“ఇంకా ముక్కలున్నాయి కదే, అప్పుడే వేడెలా పెరుగుద్ది? మా అబ్బా తగరం కరిగించేటప్పుడూ ఇంతే!” అని నవ్వింది.

గుప్తోష్ణం అనే మాట నాకెంత ఇష్టమో మీకు తెలుసు. ఉష్ణోగ్రత పెరగకుండానే, కరగడానికి పదార్థం తీసుకునే వేడి అనే ఆ నిర్వచనం కామాలతో సహా అప్పజెబుతాను. అది కళ్లెదుట జరుగుతుంటే మాత్రం గుర్తుపట్టలేదు. ఆ పేరే గుర్తులేని సనోబర్ గుర్తుపట్టింది. ఓర్చుకోలేకపోయాను. ఆమె రబ్బరే అడిగి తీసుకుని, నా అంకెలు చెరిపి సున్నాలు వేశాను. మీరు “ఇద్దరివీ ఒకేలా ఉన్నాయేంటి?” అన్నప్పుడు, “సనోబర్ నాది చూసి రాసింది టీచర్” అన్నాను. నాది ఫస్ట్ ర్యాంకు కదా, మీరు నా మాటే నమ్మారు.

తర్వాత సనోబర్ మెట్ల దగ్గర నాతో, “పనైపోతే నా రబ్బరు ఇచ్చెయ్యవే” అంది, అంతే.

నా రికార్డు వెలుతురుకెత్తి చూడండి, సున్నాల కింద పాత అంకెలు కనిపిస్తాయి. ఆమెను చూస్తే నాకు ఇప్పటికీ కుళ్లుగానే ఉంది టీచర్. రబ్బరు ఈ కవరులోనే పెట్టాను. మీరే ఇవ్వండి.

మీ విద్యార్థిని