తలుపు లేని ఫిర్యాదుల పెట్టె

హక్కుల ఫిర్యాదుల విభాగం ప్రధానాధికారి గారి సముఖానికి,

అయ్యా,

విషయం: తమ కార్యాలయం గేటు పక్కన గోడకు బిగించిన ఇనుప పెట్టెను కోయుటకు అనుమతి, మరియు మా చెల్లెలి ఆచూకీ కోరుట గురించి.

వెల్డింగు పని చేసుకుని బతికే నేను సవినయంగా విన్నవించుకొనునది ఏమనగా:

1. సదరు పెట్టెను నాలుగేళ్ల క్రితం చేసి ఇచ్చినది నేనే. తమ కార్యాలయం వారి నమూనాలో కాగితం వేయడానికి పైన ఒక సందు, గోడకు బిగించడానికి నాలుగు బోల్టులు చూపబడినవి. వేసిన కాగితాలు తీయడానికి తలుపు చూపబడలేదు. "తలుపు ఎటువైపు పెట్టమంటారండీ?" అని గుమాస్తా గారిని అడిగాను. "బొమ్మలో ఉందా? లేదు కదా. లేనిది పెడితే సరుకు వెనక్కి పంపిస్తారు. నీకెందుకయ్యా పెద్ద తెలివి?" అన్నారు. నేను నోరు మూసుకుని నాలుగు పక్కలా అతుకు వేసేశాను.

2. అయితే సామాన్ల జాబితాలో "తాళం, ఒకటి" అని ఉంది. అందుచేత ముందువైపు ఒక కొక్కెం అతికించి దానికి తాళం తగిలించాను. అది దేన్నీ మూయదు, తీసినా ఏదీ తెరుచుకోదు. తాళంచెవి తమ కార్యాలయానికి అప్పగించినట్టు రసీదు నా దగ్గర ఉంది. ఈ నాలుగేళ్లలో ఎవరైనా ఒక్కసారి తెరవబోయి ఉంటే నాకు కబురు వచ్చేది. కనీసం తిట్లు వచ్చేవి. ఏమీ రాలేదు. పెట్టె మీద "ప్రతి ఫిర్యాదూ పరిశీలించబడును" అన్న అక్షరాలు కూడా నావే. గుండ్రంగా ఉన్నాయని గుమాస్తా గారు మెచ్చుకున్నారు.

3. మా చెల్లెలు బట్టల కర్మాగారంలో ఇస్త్రీ పని చేస్తుంది. అక్కడ కత్తిరింపు బల్లల దగ్గర మగవాళ్లకు కుర్చీలున్నాయి. ఇస్త్రీ బల్లల దగ్గర ఆడవాళ్లు పది గంటలూ నిలబడాలి. ఆడవాళ్లకూ కుర్చీలు ఇప్పించమని పంతొమ్మిది మంది చేత సంతకాలు పెట్టించి, ఆ కాగితం పట్టుకుని ముందు నా కొట్టుకి వచ్చింది. "అన్నయ్యా, ఆ పెట్టె నువ్వు చేసిందే కదా. నిజంగా తీసి చదువుతారా?" అని అడిగింది. అప్పుడు నా చేతిలో తమ కార్యాలయం కిటికీల పని ఉంది. "చదువుతారమ్మా, చదవక ఏం చేస్తారు?" అన్నాను. అయ్యా, ఈ వ్యవహారంలో తప్పు ఎవరిదని తమరు విచారణ జరిపితే మొదటి ముద్దాయిని నేనే.

4. నా మాట నమ్మి కాగితం పెట్టెలో వేసి రెండు నెలలు ఎదురుచూశారు. ఆ కాగితం అధికారుల దగ్గర ఉందన్న ధైర్యంతో ఒక మధ్యాహ్నం పంతొమ్మిది మందీ పని ఆపి నేల మీద కూర్చున్నారు. మర్నాడు పొద్దున్న పోలీసులమని చెప్పి ఇద్దరు ఇంటికి వచ్చి, "రెండు మాటలు అడిగి పంపించేస్తాం" అని మా చెల్లెల్ని తీసుకుపోయారు. "అమ్మా, పొయ్యి మీద పాలున్నాయి, చూడు" అని చెప్పి వెళ్లింది. నేటికి నలభై ఒక్క రోజులు. ఆ గిన్నెను అమ్మ ఇంతవరకు తోమనివ్వలేదు.

5. పోలీసు స్టేషనులో అడిగితే, అలాంటి మనిషి అక్కడ లేదని, తమ విభాగం వారి ఫిర్యాదు నంబరు తెస్తే వెతుకుతామని సెలవిచ్చారు. ఇక్కడ గుమాస్తా గారు, "పెట్టెలో వెయ్యి. తెరిచినప్పుడు నంబరు ఇస్తాం" అన్నారు. "అది తెరుచుకోదండీ, చేసింది నేనే" అన్నాను. "అంటే ప్రభుత్వ సొత్తు లోపంగా చేశానని ఒప్పుకుంటున్నావన్నమాట" అని తెల్లకాగితం నా ముందుకు తోశారు. నేను ఆ కాగితం ముట్టుకోలేదు. బయటికొచ్చి, నా చేత్తో మూసిన పెట్టెలో నా చేత్తోనే అర్జీ వేశాను. అలా మూడుసార్లు వేశాను.

కావున పెట్టె కోయడానికి అనుమతి ఇప్పించ ప్రార్థన. మిషను నాదే, కరెంటు మాత్రం తమది కావాలి. పావుగంట పని. కొత్త తలుపు కూడా పెట్టి ఇస్తాను. అది వీలుపడని పక్షంలో, చెల్లెలు ఎక్కడుందో ఒక్క ముక్క తెలియపరచగలరు. అక్కడ కూర్చోవడానికైనా చోటిచ్చారో లేదో అని అమ్మ రోజూ అడుగుతోంది.

చిత్తగించవలెను. చిత్తగించాలంటే ముందు ఇది తమ చేతికి రావాలి, ఆ సంగతి నాకు తెలుసు.

తమ విధేయుడు,
సదరు పెట్టె చేసినవాడు

తా.క.: గుమాస్తా గారు దీన్ని కూడా చేతికి తీసుకోలేదు, పెట్టె చూపించారు. వేయబోతే సగమే దిగింది. పెట్టె నిండిపోయిందండీ. బయటికి లాగి, గోడకు ఆనించి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. మళ్లీ దూర్చి, చెల్లెలి ఫోటో అతికించిన పైసగం బయటికి కనపడేలా వదిలి వెళ్తాను. నా వెనక ఒక పెద్దావిడ మడిచిన కాగితంతో వచ్చి, "ఇందులో వేస్తే చదువుతారా బాబూ?" అని అడిగింది. ఈసారి అబద్ధం నా నోట రాలేదు. చదవరని చెప్పాను. "మరెక్కడ ఇవ్వాలి?" అంది. ఆవిడకు ఏం చెప్పమంటారో తమరే సెలవివ్వాలి. ఇంకా ఇక్కడే నిలబడి ఉంది.