సంకర జొన్న పండింది, బాపూ

బాపూ, నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మన మర్రిగూడ చెలకలో ఈసారి సంకర జొన్న పండింది. నువ్వుంటే మొదటి కంకి నువ్వే తెంపి చూసేవాడివి.

వానలకు ముందు సర్కారు గ్రామసేవక్ ఆ విత్తనం తెచ్చాడు. మందు పట్టించిన ఎర్రటి గింజలు చూసి అమ్మ చేయి చాచలేదు.

"దీంట్లకెళ్లి విత్తనం దాచుకోవచ్చునా సారూ?" అని అడిగింది.

"దాచుకుంటే మళ్ల గిట్ల పండది పెద్దమ్మా. ఏటేటా కొత్తది నేనే తెచ్చిస్త."

అమ్మకు అక్కడే అనుమానం పుట్టింది. చెలకలో సగమే అతని మాటకు వదిలింది. మిగతా సగంలో నువ్వు దాచిన పచ్చజొన్న విత్తింది. వానలు తొందరగా ఆగిపోయాయి. పొట్టి సంకర జొన్న అప్పటికే గింజ పట్టింది. మన జొన్న చాలావరకు తాలుపోయింది.

నిన్న గ్రామసేవక్ సంబరంగా వచ్చాడు. "ఇప్పుడన్న నమ్ముతవా పెద్దమ్మా? వచ్చే ఏడు చెలకంత గిదే వేద్దాం" అన్నాడు.

అమ్మ అతనికి ఆ కొత్త జొన్నల రొట్టె పెట్టింది. మన పచ్చజొన్న తాలు కంకుల్లోంచి విత్తనానికి గట్టివి ఏరుతూనే అడిగింది.

"నువ్వు రాని ఏడు మేమేం విత్తాలె సారూ?"

అతను రొట్టె తుంచడం ఆపాడు. నేనూ అమ్మ పక్కన కూర్చుని కంకులు ఏరాను.

నీ చిన్నబిడ్డ