ముడుపు, సూది పరీక్ష

మంగళవారం, నాగర్‌కర్నూల్

అక్క రొమ్ములో గడ్డకు సూది పరీక్ష చేయాలని డాక్టర్ చెప్పి చాలా రోజులైంది. గుచ్చితే గడ్డ పాకుతుందని భయపడి, మల్దకల్ దేవుడికి ముడుపు కట్టి కూర్చుంది. ఈ దేశంలో సూదికి కూడా దేవుడి అనుమతి కావాలా? మూఢత్వమని నేను తిట్టినకొద్దీ మొండికేసింది.

ఇవాళ తమ్ముడి కూతురు వచ్చింది. కణంలో డీఎన్ఏ చుట్టలు బిగుసుకోవడం, సడలడం మీదనే ఆ పిల్ల పరిశోధన.

"అత్తా, నీ ముడుపు లెక్కనే కణంల దారం చుట్టుకొని ఉంటది. ఆ చుట్టుడు చెడితే ఒక్కోసారి క్యాన్సర్‌ను మన ఒంట్ల కాపలా కణాలు గూడ గుర్తుపట్టయి. గుచ్చితే గడ్డ పాకదు, సూదితోని చూస్తేనే అదేందో తెలుస్తది," అంది.

సైన్సుకు ముడుపుతో పోలికేమిటని నేను వాదనకు దిగాను.

"నువ్వు జర ఊకో తమ్మీ. ఇన్నేండ్లు తిట్టినవ్ గని, గిట్ల ఒక్కనాడన్న చెప్పినవా?" అంది అక్క.

సోమవారం పోతానంది. ముడుపు కొంగున ఉండాలట, నేను వెంట రాకూడదట. "వీడు దవాఖానల గూడ కొట్లాట పెట్టుకుంటడు."

ముడుపు మీద ఇప్పటికిప్పుడు ఒక వ్యాసం రాయగలను. రెండో షరతుకే జవాబు దొరకడం లేదు. ఫలితం చెడ్డదైతే నాకు చెబుతారో, నా నోటికి భయపడి దాస్తారో…