డెబ్భై ఆరుకు డెబ్భై నాలుగు

ఓస్లో,
29 ఆగస్టు 1963

ప్రియమైన నాన్నకు,

పోయిన శుక్రవారం, ఆగస్టు 23న, మన లేబర్ పార్టీ ప్రభుత్వం 76కు 74 ఓట్లతో పడిపోయింది. తేడా తెచ్చినవి మన పార్టీ నుంచి చీలిపోయిన సోషలిస్టు ప్రజాపార్టీ వాళ్ళ రెండు ఓట్లు. ఆ ఇద్దరిలో ఒకరు ఓస్లో నుంచి గెలిచినవారు. రెండేళ్ళ కిందట ఆయన్ని పార్లమెంటుకు పంపిన ఓట్లలో ఒకటి నాది.

ఈ సంగతి 1961 క్రిస్మస్‌కే చెప్పాలని ఇంటికి వచ్చాను. భోజనాల బల్ల దగ్గర కూర్చుంటూనే నువ్వు, "పార్టీని చీల్చినోళ్ళకు ఓటేసినోడు ఎవడైనా సరే, నా ఇంట్లో బంగాళాదుంప ముట్టడానికి వీల్లేదు" అన్నావు. "అలాంటోళ్ళు ఇక్కడెవరున్నారయ్యా, చల్లారిపోతోంది, తినండి" అంది అమ్మ. నేను గిన్నె నీకు అందించి, నేనూ రెండు వేసుకున్నాను.

అణ్వాయుధాల మీద మన పార్టీ గట్టిగా 'వద్దు' అనడం లేదని నాకు కోపం. కొత్త పార్టీకి ఒక్క సీటూ రాదనుకున్నాను. హెచ్చరికగా ఉంటుందని వేశాను. మరుసటి ఏడాది స్వాల్బార్డ్ దీవుల్లోని సర్కారు బొగ్గుగనిలో ఇరవై ఒక్కమంది చనిపోయారు. గని భద్రతను సర్కారు పట్టించుకోలేదని దాని మీద వచ్చిన నివేదికే అవిశ్వాసం దాకా తెచ్చింది. హెచ్చరిక అనుకున్నది ప్రభుత్వాన్నే దింపేసింది. బాధపడుతున్నానా అంటే, నిజంగా నాకు తెలియదు. పార్టీ శాఖ అధ్యక్షుడివైన నీకు ఎలా చెప్పాలా అనే రెండేళ్ళూ బాధపడ్డాను.

నిన్న పత్రిక పనిమీద రాజభవనం ముందు నిలబడ్డాను. నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. యుద్ధకాలాన్నీ, ఆ తర్వాత కొన్ని నెలల ఉమ్మడి ప్రభుత్వాన్నీ తీసేస్తే, నేను పుట్టినప్పటి నుంచీ మనవాళ్ళే. వేరేవాళ్ళు ఎలా ఉంటారో చూడాలనిపించింది. కొత్త ప్రభుత్వంలోని నాలుగు పార్టీల మంత్రులూ బయటికి వచ్చి నిలబడ్డారు. నా పక్కనున్న ముసలావిడ మెడ చాచి చూసి, "అరె, వీళ్ళూ మనలాగే ఉన్నారే!" అంది. ఆవిడ భర్త, "మరి కొమ్ములుంటాయనుకున్నావా?" అన్నాడు. "ఇన్నేళ్ళూ నువ్వు చెప్పిందదేగా!" అంది.

ఆ తర్వాత మంత్రిత్వ శాఖ గుమ్మం దగ్గర సెవెరిన్‌ను కలిశాను. పద్దెనిమిదేళ్ళుగా అక్కడే ద్వారపాలకుడు. "ఎలా ఉన్నారు కొత్త మంత్రిగారు?" అన్నాను. "కోటు ఎక్కడ తగిలించాలని నన్నే అడిగారమ్మా. పాతాయనకు చెప్పాల్సిన పని ఉండేది కాదు. మేకు ఉండేది ఆయన ఎత్తుకే కదా!" అన్నాడు.

నాన్నా, ఇక నేను మన ఇంటికి రావచ్చునా? అవునో కాదో రాయి.

నీ కూతురు,
అస్లౌగ్

*

ర్యూకన్,
3 సెప్టెంబరు 1963

నా తల్లి అస్లౌగ్‌కు,

నువ్వు ఓటేసింది తప్పే. ఇవాళ అడిగినా తప్పే అంటాను. మీ అమ్మ మాత్రం నీ ఉత్తరం చదివి, "నాకు ఆ క్రిస్మస్‌నాడే తెలుసు. అది నీతో వాదించకుండా తిన్నది ఆ ఒక్కసారే" అంది. నాకెందుకు చెప్పలేదే అంటే, "నువ్వు అడిగావా?" అంది.

అవిశ్వాసం ఓటింగు మేము మన ఊరి ప్రజాభవనంలో టీవీ ముందు కూర్చుని చూశాం. లెక్క చెప్పగానే మన శాఖలోని తోర్‌స్టైన్ లేచి, "ఆ పార్టీకి ఓటేసినోళ్ళందర్నీ ఆ గనిలోకే దించాలి" అన్నాడు. కొందరు చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు, అలాగని ఆపనూ లేదు. ఆ మాట నా కూతురికి తగులుతోందని అప్పటికి తెలియదు. తెలియకపోయినా ఆపాల్సింది. ఎందుకంటే ఆ నివేదిక నేను జూన్‌లోనే రెండుసార్లు చదివాను. శాఖ సమావేశంలో ఒక్క ముక్కా మాట్లాడలేదు. ఎన్నికలు దగ్గర పడ్డాయి కదా అనుకున్నాను.

1928లో మన మొదటి ప్రభుత్వం పద్దెనిమిది రోజులు నిలిచింది. మేం అభినందన తీర్మానం రాసి పోస్టులో వేసేసరికి పడిపోయింది. ఈ నాలుగు పార్టీలు దాన్నైనా దాటతాయేమో చూద్దాం. వాళ్ళు మొదటి వారం ఏం చేశారో రాయి, తెలుసుకోవాలని ఉంది.

ఇప్పుడు అసలు మాట. మునిసిపల్ ఎన్నికలు 23న. దానికి ఎనిమిది రోజుల ముందు, ఆదివారం 15న, సభ పెడుతున్నాం. మన మనుషులే ఎందుకు అటు వేశారో మావాళ్ళు ఒక్కసారీ వినలేదు. వచ్చి చెప్తావా? తోర్‌స్టైన్ ముందు వరసలోనే కూర్చుంటాడు. నీ పేరుతో నోటీసు రాశాను, అతికించలేదు. నువ్వు వద్దంటే చించేస్తాను. వస్తే మొదటి ప్రశ్న నాది, జాలి చూపించను.

ఇంటికి రావడానికి నిన్ను అడగమన్నదెవరు?

మీ నాన్న,
హల్వోర్

*

ఓస్లో,
7 సెప్టెంబరు 1963

నాన్నా,

నోటీసు అతికించు.

నా ఓటు సంగతీ, సభ సంగతీ నా సంపాదకుడికి నిన్న నేనే చెప్పాను. నన్ను పార్లమెంటు వార్తల నుంచి తప్పించి ఓడరేవు వార్తలకు వేశాడు, ఎన్నికలయ్యేదాకా. అందుకే కొత్తవాళ్ళ మొదటి వారం గురించి నీకు పూర్తిగా రాయలేను. సెవెరిన్ చెప్పింది ఒక్కటే: కొత్త మంత్రి తన కోటు కోసం ఇంకో మేకు కొట్టించారట, పాతదాన్ని పీకలేదట.

మొదటి ప్రశ్న నీదే కానివ్వు. రెండోది నాది, అధ్యక్షుడికి: జూన్ నుంచి ఆగస్టు దాకా ఆ నివేదిక మీద ఎందుకు నోరు విప్పలేదు? నీకు నాతో చెప్పినంత తేలికగా వాళ్ళతో చెప్పడం కుదరదు. ముందే రాస్తున్నాను, సిద్ధంగా ఉండు. నేనూ జాలి చూపించను.

శనివారం, 14న, టిన్నోసెట్ రేవులో ఇంటివైపు వచ్చే మధ్యాహ్నం పడవ ఎక్కుతున్నాను. సభ ఆదివారం సాయంత్రం నాలుగింటికి.

అస్లౌగ్