మూడు లిస్టుల్లోనూ రాజమ్మ

కోవిల్‌పట్టి, 2004, ఆడి నెల, మంగళవారం రాత్రి

వ్యాను లిస్టు, సాపాటు లిస్టు, ప్యాకింగ్ బల్లల లిస్టు. మూడింటికీ కంప్యూటర్లో ఒకే క్వెరీ మూడుసార్లు నడపడం దండగని, పనిలోకి వచ్చేవాళ్ళ పేర్లు ఒక టేబుల్లో దాచి మూడింటికీ అదే వాడుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆ టేబుల్ని రోజూ కొత్తగా నింపే ప్రోగ్రాము ఆగిపోయి నెలైందని చూసుకోలేదు.

మా ఫ్యాక్టరీలో కడలమిఠాయి, అదే వేరుశనగ పట్టీ, ప్యాకింగ్ చేసే రాజమ్మ చచ్చిపోయి మూడు వారాలు. మూడు లిస్టుల్లోనూ ఉంది. ఒకదాంట్లో లేకుంటే ఎవరైనా అడిగేవాళ్ళు. మూడూ ఒకే మాట చెప్పాయి. కొత్త డ్రైవరు రోజూ ఆమె ఇంటి ముందు ఆగి, హారన్ కొట్టి, ఎవరూ రాకపోతే వెళ్ళిపోయేవాడట.

నిన్న సరిచేశాను. ఈపొద్దు వ్యాను అక్కడ ఆగలేదు.

సాయంత్రం రాజమ్మ తల్లి ఆఫీసుకొచ్చింది. తిట్టడానికే అనుకున్నాను.

"తప్పయిపోయిందవ్వా. ఇంక హారన్ కొట్టరు."

"అదే, ఎందుకు కొట్టలేదని అడగాలని వచ్చినా పాపా. హారన్ కొడితే మా రాజమ్మ లేచి వ్యానెక్కి పోతా ఉండె. ఈపొద్దు ఇంగా వాకిట్లోనే నిలబడుండాది."

వాళ్ళ వీధిలోంచే మా ఇంటికి దారి. చుట్టు తిరిగి వచ్చాను.