నువ్వు వదిలిన చూర్ణం డబ్బా

బావా,

నువ్వు పోయి నేటికి ఏడాది. అక్క మోకాళ్ల నొప్పులంటే, పొద్దున అప్పట్లో నిన్ను చూసిన డాక్టరు దగ్గరికే తీసుకెళ్లాను. ఇంకేమైనా మందులు వాడుతున్నారా అని నిన్ను అడిగినట్టే అడిగాడు. అక్క కూడా నీలాగే "ఏటీ నేదు బాబూ" అంది.

నిన్ను అడిగిన రోజు, నువ్వు సింహాచలంలో కొన్న చూర్ణం సంగతి తెలిసీ నేను నోరు విప్పలేదు. నీ కిడ్నీలు దానివల్లే చెడ్డాయని ఎవరూ తేల్చలేదు. ఆ చూర్ణాన్ని పరీక్షకు పంపిన వాళ్లూ లేరు.

ఈసారి ఊరుకోలేక అక్క సంచి తెరిచాను. నీ డబ్బాయే ఉంది.

"అది మందేట్రా, సూర్ణం కదా! మీ బావ ఒగ్గీసింది పారబొయ్యమంటావేటి?"

డాక్టరు డబ్బా చూసి రక్తపరీక్ష రాశాడు. ఎంత తిన్నావని నేనడిగితే అక్కకు గుర్తులేదు. డబ్బా ఇప్పుడు సగముంది. నువ్వు పోయేనాటికి ఎంతుందో చెప్పగలిగేది నువ్వొక్కడివే.