ఉంగరంలో దాగిన నలుసు

అమ్మకు నమస్కారాలు. నేను కులాసా. ఉంగరం, రాయి నాణ్యత రాసిచ్చిన దాని పాత చీటీ భద్రంగా చేరాయి.

"వదులు చేయించుకొస్తానని తీసుకెళ్లి మీ వదిన రాయి మార్పించేసిందే, ఇది అమ్మేసి మచ్చలేని వజ్రం కొను" అని రాశావు. మచ్చ ఉందని పదేళ్లు సణిగావు. ఇప్పుడు మచ్చ కనపడలేదని రాయే నాది కాదంటున్నావు. నిన్న మా నగల కొట్టు పెద్దాయన రాయిని పట్టి ఉంచే కొక్కేలు విప్పి దాన్ని తీసిచ్చాడు. భూతద్దంలో చూస్తే అంచున జీలకర్ర గింజలాంటి నలుసు, చీటీలోని బొమ్మలో చుక్క పెట్టిన చోటే ఉంది. అక్కడి కంసాలి రాయిని కాస్త తిప్పి, నలుసు మీదికి కొక్కెం వచ్చేలా బిగించాడు. అంతే జరిగింది.

"పోనీ, మచ్చలేనిది కొనమంటారా?" అని పెద్దాయన్ని అడిగాను. "నలుసు నడిమధ్యన ఉంటే వద్దందును తల్లీ. అంచున ఉన్నది కంటికి ఆనదు. పైగా ఇది మీదేనని ఇవాళ సాక్ష్యం చెప్పింది ఆ నలుసే కదా" అన్నాడు. అందుకని కొత్తది కొనలేదు. నీ రాయే మళ్లీ అలాగే బిగింపించి వేరే పార్సిల్లో పంపుతున్నాను.

మోకాలి నొప్పి తగ్గిందా? నా నీలం శాలువా అన్నయ్యతో పంపు. పాపకు ముద్దులు.

ఇలాంటి సంగతి కవరులో పెట్టకుండా కార్డు మీద రాసిందేమిటని కోప్పడకు. మనింట్లో పోస్ట్‌మాన్ దగ్గర ఉత్తరాలు అందుకునేది వదినే. చదివాకే నీ చేతికిచ్చి ఉంటుంది. ఒక్కసారి తలెత్తి చూడు, ఇంకా అక్కడే నిలబడి ఉంటుంది.

నీ కూతురు